మూసీ ఒడ్డు పుంటికూర

దుబాయిల నేను పనిచేసింది కూరగాయల టోకు మార్కెట్ల. దేశదేశాల నుంచి పెట్టెలు వస్తుండె. వాటిని విప్పాలె, మెత్తబడ్డవి ఏరెయ్యాలె, మంచివి మళ్ల సర్దాలె. బయట ఎండ మండిపోతుంటే లోపల చల్లగదిల మేం స్వెట్టర్లు తొడుక్కొని నిలబడేది. నాకు బడి చదువు లేదు. తెలుగు, ఉర్దూ పాతబస్తీ దుకాణాల బోర్డులు చూసి పట్టుకున్న. ఇంగ్లీషు ఆ పెట్టెల మీది అక్షరాలు చూసి నేర్చుకున్న.

ఒకపారి ఒక లోడు ఆకుకూర మొత్తం, పురుగుల మందు ఎక్కువున్నదని పరీక్షల తేలిందని, మా కండ్ల ముందటనే పారబోసిండ్రు. నిగనిగలాడుతున్న ఆకు. తినేటోని గురించి గింత ఫికర్ చేసే రాజ్యం కూడ ఉంటదా అని నోరు తెరిచి చూసిన. ఆ ఆకు పండించినోడు ఎవడు, వాని గతి ఏమైంది అని మాత్రం ఎవ్వరం అడగలే.

మేముండే గదిల ఒక కట్టుబాటు ఉండె. సెలవు మీద ఇంటికి పోయి వచ్చినోడు స్నానం కూడ చెయ్యకముందే బ్యాగు నడుమ పెట్టి విప్పి, ఇండ్లల్ల ఇచ్చి పంపిన మూటలు ఎవరియి వాళ్లకు ఇయ్యాలె. అందరం చుట్టూ కూసుంటుంటిమి. ఒకనికి అరిసెలు, ఒకనికి తొక్కు, ఒకనికి పెండ్లాం కుట్టి పంపిన లుంగీ. నాకు వచ్చేది మాత్రం ఎప్పుడూ ఒక్కటే. మా అక్క నీడకు ఎండబెట్టి పంపిన పుంటికూర.

అక్క మూసీ ఒడ్డున, మలక్‌పేట దిక్కు, కౌలు మడిల ఆకుకూరలు పెంచేది. బావ పోయినంక ఒక్కతే. పిల్లలు లేరు. పొద్దుగాల కోసి, కట్టలు కట్టి, గంప నెత్తిన పెట్టుకొని నది ఒడ్డెంట నడిచి పాతబస్తీ గల్లీలల్లకు వచ్చేది. మిద్దెల మీది ఆడోళ్లు తాడుకు బుట్ట కట్టి కిందికి విడిచేది. వాళ్లు దాన్ని అంబాడా అనేది, అక్క పుంటికూర అనేది, బేరం మాత్రం ఎన్నడూ చెడలే. ఆమె బతుకంత ఆ మడిలనే ఉండె. ఆ మడి ఉంటే ఆమె ఒకరి ముందట చెయ్యి చాపదు. నేను పరాయి దేశంల నిమ్మళంగ పండుకున్ననంటే ఆ ధైర్యంతోనే.

కూరను ఆమె పాత తెలుగు పేపర్ల చుట్టి పంపేది. నాకు కూర ఎంతనో ఆ పేపరూ అంతే. మడతలు సాపు చేసి, నూనె మరకల కాడ వెలుతురుకు పట్టి, పెండ్లి ప్రకటనలతో సహా చదివేది. ఊర్ల అందరూ మరిచిపోయిన లొల్లి నాకు అప్పుడే మొదలైనట్టుండేది. ఏ చెరువుల ఎవడు మట్టి పోసిండు, ఏ నాయకుడు ఏ పార్టీల దుంకిండు, నీళ్ల ట్యాంకరు కాడ ఎవరు కొట్టుకున్నరు, అన్నీ నాకు ఆలస్యంగ, ముక్కలు ముక్కలుగ అందుతుండె.

గదిల కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన ఉండె. మా కంపెనీ ఆఫీసులనే పని. నన్ను బావా అని పిలిచేటోడు, పుంటికూర అంటే ఒప్పుకునేటోడు కాదు, గోంగూర అనాలె. ఒకనాడు నా మూట విప్పంగనే పేపరు ఆయన చేతికి పోయింది. చదువుకుంట చదువుకుంట ఆగిండు.

"బావా, మూసీ నీళ్లతో పండే ఆకుకూరల్లో విషం ఉందట. మీ అక్కగారు విషం పంపిస్తూ, జాగ్రత్తలు కూడా దాని చుట్టూనే కట్టి పంపారయ్యా."

గదంత నవ్వింది. నేనూ నవ్విన. అక్కకు చదువు రాదు. తను పంపే కూరను తిననే వద్దని చెప్పే కాయితంల, ఆమె ఎంత పొందికగ మడిచి, దారం చుట్టి కట్టిందో చూసినంక నవ్వు ఆగిపోయింది. ఆ పూట పప్పుల వేసి వండిన. కొందరు ముట్టలే. గుమాస్తా మాత్రం గొణుక్కుంటనే రెండోపారి వడ్డించుకున్నడు.

శుక్రవారం ఫోన్ చేసి అక్కకు చెప్పిన. పేపర్ల గిట్ల వచ్చిందని, ఆ నీళ్లు మంచియి కావని. ఇక్కడ లోడంత ఆకుకూర పారబోసిన సంగతి కూడ చెప్పిన. ఆమె అంతా విన్నది.

"నీళ్లల్ల విషం నేను కలిపిన్నా తమ్మీ? పైనుంచి ఎట్ల వస్తే అట్ల వాడుకుంటున్న. మా అత్త ఉన్నప్పుడు గీ నీళ్లే తాగినం."

ఆ మాట అబద్ధం కాదు. నేను చిన్నప్పుడు ఆ నదిల ఇసుక చూసిన, ఇసుకల చెలిమె తీసి నీళ్లు తాగిన. తర్వాత ఎక్కడెక్కడి మురుగు మోరీలు వచ్చి కలిసినయి. ఆ మోరీల వెనక ఫ్యాక్టరీలున్నయి, మేడలున్నయి, వాటిల్ల చదువుకున్నోళ్లున్నరు. వాళ్ల గురించి పేపర్ల రాయరు. పాలకూర గురించి రాస్తరు. నాకు గప్పుడు పుట్టిన కోపం ఇప్పటికీ సల్లారలే.

తర్వాత చేతికి ఇంటర్నెట్ ఫోన్లు వచ్చినయి. పాత పేపర్ల కోసం ఎదురుచూసే పని తప్పింది. పొద్దున్నే లేస్తే ఊరి వార్తలే. ఎన్నికలు వచ్చినయంటే నేను గదిల నిలవకపోతుంటి. ప్రతి పార్టీ మూసీని శుభ్రం చేస్తమనేది. ప్రతి మాటా నేను గుర్తు పెట్టుకునేది, తర్వాతి ఎన్నికలప్పుడు ఎత్తి చూపి తిట్టేది. నా ఓటు ఊర్లనే ఉండిపోయింది, అది నేను ఎన్నడూ వెయ్యలే. గుమాస్తా దాని మీద కూడ ఒక మాట విసిరేటోడు. "బావకి ఓటు లేదు గానీ, మంత్రివర్గం అంతా ఆయన నోట్లోనే ఉంది."

నది బాగుపడాలని కోరుకున్నోళ్లల్ల నేనొకణ్ని. ఇప్పటికీ కోరుకుంటున్న. కానీ బాగు చేసుడు అన్నది మురుగు పుట్టే కాడ మొదలు పెడ్తరనుకున్న. అది మురుగు మీద బతికేటోళ్ల కాడ మొదలైంది.

ఒకనాడు పని నుంచి వచ్చి, బూట్లు కూడ విప్పకుండ లోకల్ ఛానల్ వీడియో చూస్తున్న. ఒక పిల్ల మైకు పట్టుకొని నది ఒడ్డున నిలబడి, ఇక్కడ పార్కు వస్తది, నడిచే బాట వస్తదని చెప్తున్నది. వెనక మట్టి తీసే యంత్రం. ఆ యంత్రానికి ముందట, వంగి, ఒక ముసలామె పుంటికూర పీకుతున్నది. కోస్తలేదు, వేళ్లతో సహా పీకుతున్నది. పీకిన దాన్ని అక్కడికక్కడే కట్టలు కడ్తున్నది, అంత తొందరల కూడ కట్టలన్నీ ఒక్క తీరుగ. నడుం పట్టుకున్న తీరు చూసి పోల్చుకున్న. కెమెరా ఆమె మీద ఆగలే. మైకు ఒక నాయకుని కాడికి పోయింది.

వీడియో వెనక్కి జరిపి చూసిన. మళ్ల చూసిన. గుమాస్తా వచ్చి పక్కన కూసున్నడు. ఫోన్ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. నీళ్ల గ్లాసు తెచ్చి ముందర పెట్టిండు.

అక్కకు ఫోన్ చేస్తే ఎత్తే వరకు చీకటి పడ్డది. ఏమైందని అడిగితే ఏం కాలేదన్నది. యంత్రం కింద నలిగిపోతే పాపం కదా అని పీకిందట. అమ్మినంత అమ్మిందట, మిగిలింది గల్లీల పంచి వచ్చిందట. మరి ఇంక ఎట్ల అక్కా అని అడిగిన. ఆమె నా భోజనం అయిందా అని అడిగింది.

నేను మూటముల్లె సర్దుకొని వచ్చేసిన. ఇప్పుడు ఇద్దరం ఊరి అవతల, ఒడ్డు ఖాళీ చేయించి సర్కారు ఆమెకు ఇచ్చిన ఇంట్ల ఉంటున్నం. నాలుగో అంతస్తు. గోడలు కొత్తయి, నల్లా తిప్పితే నీళ్లొస్తయి, కాదనను. లిఫ్టు చాలాసార్లు నడవది. మట్టి అన్నది లేదు. ఒక డబ్బాల కొత్తిమీర వేద్దామని నేను మట్టి తెస్తనంటే అక్క వద్దన్నది. డబ్బాల పెరిగేదాన్ని చూడబుద్ధి కాదట.

అప్పుడప్పుడు పాతబస్తీకి పోదమంటది. రెండు బస్సులు మారి పోతం. పోయిన నెల గట్లనే పోయినం. ఆమె తిరిగిన గల్లీ మొదట్ల ఒక పిల్లగాడు తోపుడు బండి మీద ఆకుకూరలు పెట్టుకొని ఉన్నడు. మీసం అప్పుడే మొలిచినోడు, కొత్తగ వచ్చినట్టున్నడు. అక్క ఆగింది. పుంటికూర కట్ట ఒకటి చేతికి తీసుకున్నది. దారం విప్పి, పండిన ఆకులు ఏరి, కాడలు సమానంగ తట్టి, మళ్ల కట్టింది. ఇంకొకటి తీసుకున్నది. ఇంకొకటి.

వాడు కాసేపు చూసిండు. ఆమె ఏదో అనుమానపడుతున్నదనుకున్నట్టున్నది.

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, ఇది మూసీది కాదు. దూరం కెల్లి వచ్చింది. ధైర్యంగ తిను."

వాని తప్పేం లేదు. బేరానికి అందరికీ చెప్పే మాటనే చెప్పిండు. జిందగీ అంతా అందరి మీదా నోరు చేసుకున్నోణ్ని, ఆ పిల్లగానికి మాత్రం తల ఊపిన. అక్క చేతిల ఉన్న కట్టను బండి మీద పెట్టింది.

"నీళ్లు చల్లు బిడ్డా, వాడిపోతున్నయి," అన్నది.

మేం ముందుకు నడిచినం. ఆ రోజు ఇంటికి పప్పు ఒక్కటే కొనుక్కపోయినం.