ఏడమ్ వేసిన కంచె

ఏడమ్ హిస్లప్‌కు డెబ్భై ఒకటి. నలభై మూడేళ్లుగా విన్‌షా కొండ మీద గొర్రెల కాపరి అతనే. పక్క కొండ మాది కాబట్టి అతని గురించి చెప్పే హక్కు నాకుంది, తిట్టే హక్కూ ఉంది. మనిషి మంచివాడు. ముందు ఆ మాట అనేసి తర్వాత తిట్టడం మా ఊరి మర్యాద.

కొండ నడుమ విన్‌షా బురుజు ఉంది. కప్పు కూలి మూడొందల ఏళ్లు దాటింది. పై అంతస్తులు కాకులవి. కింది గది మాత్రం, పైన రాతి కమానుతో, చెక్కుచెదరలేదు. వెనకటికి సరిహద్దు అవతలి నుంచి దొంగలొచ్చి మందల మీద పడే రోజుల్లో పశువుల్ని అందులోకి తోలి తలుపు బిగించేవారట. ఇప్పుడు తలుపు లేదు. మంచు తుఫాను వస్తే గొర్రెలు వాటంతటవే నడిచి వెళ్లి అందులో దూరతాయి. ఎవరూ నేర్పలేదు. తల్లి వెంట పిల్ల, ఆ పిల్ల వెంట దాని పిల్ల. కొండా మందా ఎస్టేట్‌వి, కాపరి జీతగాడు; అతను మారినా ఆ మంద ఆ కొండను వదలదు. వచ్చే మే నెలాఖరుకు పని మానుకుని, మందను ఒక్క తల తగ్గకుండా కొత్త కాపరికి అప్పజెప్పి, ఏడమ్ దిగువ ఊళ్లో అద్దె ఇంటికి మారాలి. ఒక్క తల తగ్గకుండా. ఆ చలికాలమంతా అతని నోట వేరే కోరిక వినలేదు నేను.

కిందటి వేసవిలో బురుజు పైనుంచి రాయి ఊడి, కొండ చూడ్డానికొచ్చిన ఒకావిడ పక్కనే పడింది. చుట్టూ కంచె వెయ్యమని ఎస్టేట్ మేనేజరు కబురు పెట్టాడు. గొర్రెలకు అదే దిక్కని ఏడమ్ రెండుసార్లు వాదించాడు. మూడోసారికి నోరు నొప్పెట్టిందో, మోకాళ్లు నొప్పెట్టాయో, సరేనన్నాడు. అక్టోబరులో తనే గుంజలు పాతాడు, తనే తీగ బిగించాడు. వేరేవాళ్లతో వేయించుకోవచ్చుగా అంటే, వాళ్లు వంకరగా వేస్తారన్నాడు. ఏ పనీ సగం చెయ్యలేడు. పిల్లి కూడా దూరలేనంత గట్టిగా వేశాడు.

ఏప్రిల్ వచ్చింది. గొర్రెలు ఈనే కాలం, మూడో వారం. రోజుకు మూడు గంటల నిద్ర దొరికితే గొప్ప. ఆ ఆదివారం మధ్యాహ్నం ఉత్తరాన ఆకాశం నల్లబడింది. మా గొర్రెల్ని రాతిగోడ చాటుకు దింపి, పోతూ పోతూ ఏడమ్ వాళ్లింట్లోకి తొంగిచూశాను. ఏడమ్ బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో వాలిపోయి ఉన్నాడు. అతని భార్య ఎఫీ బార్లీ చారు చేతికిస్తూ, కొండెక్కవా అని అడిగింది.

"ఎందుకే? అవే పోతాయి బురుజులోకి. నలభై మూడేళ్లుగా పోవట్లేదా?"

ఎఫీ తలూపింది. నేనూ తలూపాను. ఆ మాట ఆ ఇంట్లో ఎన్నిసార్లు విన్నామో. ముగ్గురిలో ఒక్కరికీ కంచె గుర్తు రాలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

తెల్లారుతుండగా ఎఫీ ఫోన్ చేసింది. "కంచె" అంది. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. పార తీసుకుని బయల్దేరాను.

నేను చేరేసరికి ఏడమ్ అక్కడే ఉన్నాడు. గాలి తోసిన మంచు కంచె ఎత్తున పేరుకుంది. గొర్రెలు వచ్చాయి. తీగ అడ్డం వచ్చినా వెనక్కి తిరగలేదు. తలలు తీగకు ఆనించి, ఎప్పటికైనా దారి ఇస్తారన్నట్టు నిలబడే ఉన్నాయి. వాటి మీదే మంచు పడింది. అక్కడికి పదడుగుల్లో కింది గది నేల పొడిగా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కటింగ్ ప్లేరుతో ఏడమ్ ఒక్కో తీగా తెంపుకుంటూ పోయాడు. అతని కుక్క వాసన పట్టి కాలితో గీరినచోటల్లా తవ్వాం. బతికినవి మా మొహం కూడా చూడకుండా తిన్నగా గదిలోకి నడిచాయి. పంతొమ్మిది లేవలేదు. వాటిలో ఇంకా ఈననివే ఎక్కువ.

తిడదామనే వెళ్లాను. చివరికి పార భుజాన వేసుకున్నాను. ఇంటికి పోదాం పద అంటే, నువ్వు పో అన్నాడు. చచ్చినవాటిని ఒక్కొక్కటీ పక్కకు లాగుతూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు.

గురువారం మేనేజరు చచ్చిన గొర్రెల లెక్క రాసే కాగితం పట్టుకొచ్చాడు. చెడ్డవాడు కాదు. ఇలాంటి మంచులో ఎవరైనా ఏం చెయ్యగలరు, కాపరి తప్పేం లేదు అన్నాడు. ఏడమ్ నిలబడే విన్నాడు.

"గొర్రెలు రావలసిన చోటికి రావలసిన వేళకే వచ్చాయండీ. రానివాణ్ణి నేను" అన్నాడు.

 మేనేజరు మాత్రం కారణం అని ఉన్నచోట 'మంచు' అని రాసి కాగితం ముందుకు జరిపాడు. ఏడమ్ ఈసారి ఒక్కసారి కూడా వాదించలేదు. సంతకం పెట్టి ఇచ్చేశాడు.