పట్టు పోయిన ఆవిరి యంత్రం

నేను ఆత్మకూరులో అయ్యవారుగా ఉన్న రోజుల్లో నా దగ్గర ఒక ఆవిరి యంత్రం ఉండేది. రైలును లాగేలాంటిది కాదు. మూరెడు చెక్క పలక మీద బిగించిన నమూనా. రోడ్లు వేయించే దొర ఒకాయనకు రెండేళ్ళు తెలుగు చెప్పాను. ఆయనకు బదిలీ అయినప్పుడు సామానంతా బండ్లకెక్కించి, దీన్ని మాత్రం నా చేతికిచ్చాడు. ఇచ్చే ముందు ఒకసారి నడిపి చూపించాడు కూడా. రాగి కాగులో నీళ్ళు పోసి కింద దీపం వెలిగించాడు. నీళ్ళు కాగి, ఆవిరి సన్నటి ఇత్తడి గొట్టంలోకి పోయింది. ఆ గొట్టంలో ఇత్తడి బిరడా ఒకటి ముందుకూ వెనక్కూ జరిగింది. దాని కడ్డీకి తగిలించిన చక్రం మొదట తడబడుతూ, తర్వాత ఆకులు కనపడనంత వేగంగా తిరిగింది. నాకప్పటికి ఇరవై నాలుగేళ్ళు. మనిషి చెయ్యిగానీ ఎద్దు మెడగానీ లేకుండా ఒక చక్రం తిరగడం అదే మొదటిసారి చూడటం.

ఆ తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. బడి మూతపడింది. పిల్లలు తల్లిదండ్రులతో కలిసి గంజి పోసే చోట్లకూ, మట్టి పనులకూ పోయారు. నేను యంత్రాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. అయితే ప్రతి ఆదివారం ప్రార్థన నుంచి రాగానే దాన్ని దించి, చింతపండూ ఇటుకపొడీ వేసి తోమేవాణ్ణి. చుట్టూ అన్నీ ఎండిపోతూ ఉంటే ఆ ఒక్కటీ నిగనిగలాడటం నాకు కావలసి వచ్చిందేమో. పైపైన తోమి ఊరుకోకుండా, పుల్లకు గుడ్డ చుట్టి గొట్టం లోపల కూడా మెరిసేదాకా రుద్దేవాణ్ణి.

వానలు పడి, బడి మళ్ళీ తెరిచాక పిల్లలకు యంత్రం నడిపి చూపిస్తానని చెప్పాను. పదకొండు మంది వచ్చారు, కరువుకు ముందు ముప్పై మంది ఉండేవాళ్ళు. వాళ్ళను వరసగా కూర్చోబెట్టి దీపం వెలిగించాను. నీళ్ళు కాగాయి. ఆవిరి వచ్చింది. వచ్చిన ఆవిరి బిరడాను నెట్టకుండా దాని పక్కల నుంచి బుస్సుమని బయటికి పోయింది. చక్రం కదల్లేదు. వేలితో తిప్పితే ఒక చుట్టు తిరిగి ఆగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఆగింది. నీళ్ళన్నీ ఆవిరైపోయేదాకా పిల్లలు ఓపిగ్గానే కూర్చున్నారు. చివర ఒకడు, ఇది అన్నం వండుకునేదా అయ్యవారూ అని నిజంగానే అడిగాడు.

అక్కడ మొదలైంది నా అవస్థ. నెలన్నర పాటు బడి వదలగానే అదే పని. మంట చాలడం లేదనుకుని ముందు దీపం సంగతి చూశాను. దొర ఇచ్చిన సీసాలోని స్పిరిటు ఎప్పుడో ఆవిరైపోతే, ఆముదంతో వెలిగిస్తున్నాను. స్పిరిటు బదులు మంచి సారా అయినా మండుతుందని ఎవరో చెబితే సారా కొట్టుకు పోయాను. ఆదివారం సారా తాగరాదని చెప్పే అయ్యవారు సోమవారం సీసా పట్టుకుని వరసలో నిలబడటం ఊరంతా చూసింది. యంత్రానికని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. చక్రమూ తిరగలేదు.

తర్వాత బిరడాకు గుడ్డ చుట్టాను, ఇరుక్కుపోయింది. మైనం పూశాను, వేడికి కరిగి కారిపోయింది. లక్క పోశాను, అదీ అంతే, పైగా గొట్టమంతా అంటుకుని గీకడానికి రెండు రోజులు పట్టింది. చెప్పులు కుట్టేవాడి దగ్గర మెత్తటి తోలు ముక్క తెచ్చి చుట్టాను. చక్రం నాలుగు చుట్లు తిరిగింది. నేను నా భార్యను కేకేసి పిలిచాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి తోలు ఉడికి ముడుచుకుపోయి, చక్రం నిలిచిపోయింది.

ఆ కోపంలో తప్పెవరిదో వెతకడం మొదలుపెట్టాను. దొర పాడైందే ఇచ్చాడన్నాను. అటక మీద ఎలుకలు తిరిగాయన్నాను. ఇల్లు అలికేటప్పుడు దాన్ని కింద పడేశావని చివరికి నా భార్యను అన్నాను. ఆమె నా వైపు చూసి, "రెండేళ్ళు బిడ్డల కడుపు ఎట్టా నింపాలా అని చూసినాను నేను. దాన్ని చూసే తీరిక నాకెక్కడ ఉండాది?" అంది. ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

వింజమూరు నుంచి గుడ్డల మూటలతో వచ్చే షావుకారు ఒకడు ఆ యంత్రాన్ని చూసి, ఉదయగిరిలో తుపాకులు బాగుచేసే ముసలి సాయిబు ఉన్నాడనీ, గొట్టం సంగతి అతనికి తెలిసినట్టు జిల్లాలో ఎవరికీ తెలియదనీ చెప్పాడు. బడికి వారం సెలవు అడిగి, యంత్రాన్ని గడ్డి పరిచిన బుట్టలో పెట్టి ఎత్తుకున్నాను. వింజమూరు దాకా షావుకారు బండి, అక్కణ్ణుంచి దుత్తలూరు మీదుగా నడక. దారి పొడవునా పైకప్పులు లేని ఇళ్ళు. ఆ ఇళ్ళ ముందు నుంచి ఒక ఆటవస్తువును మోసుకుపోతున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

సాయిబు ఇల్లు కొండ కింద, కోటకు పోయే దారిలో ఉంది. అరుగు మీద ఒకప్పుడు తుపాకులు ఆనించిన చెక్క చట్రం ఖాళీగా ఉంది. తుపాకీ పెట్టుకోవాలంటే సర్కారు కాగితం కావాలన్న చట్టం వచ్చాక గిరాకీ పోయిందట. తాళాలూ, కత్తెరలూ బాగుచేస్తున్నాడు. మనిషి సన్నగా, ఒక కన్ను మసకగా ఉన్నాడు.

నా కథంతా వినకుండానే యంత్రాన్ని విప్పి, గొట్టానికి ఒక వైపు బొటనవేలు మూసి, రెండో వైపు నుంచి బిరడాను లోపలికి నొక్కాడు. అది మెత్తగా పోయి అక్కడే ఉండిపోయింది. పట్టు ఉంటే లోపలి గాలి దాన్ని వెనక్కి తన్నాలని చెప్పాడు. తర్వాత దీపం మసిని నూనెలో కలిపి గొట్టం లోపల పూసి, బిరడాను ఒకసారి దూర్చి తీశాడు. గొట్టం నడుమ మసి చెరిగింది. రెండు కొసల దగ్గరా అలాగే ఉంది. అంటే అక్కడ బిరడా గొట్టానికి తగలడమే లేదు.

"దీన్ని ఎవరు తోమినారు?" అన్నాడు.

దొర, ఎలుకలు, నా భార్య అందరూ ఒక్కసారి గుర్తొచ్చారు.

"నేనే," అన్నాను. "ప్రతి ఆదివారం. ఇటుకపొడితో."

అతను నవ్వలేదు. ఇటుకపొడికి ఇనుమే అరుగుతాదనీ, ఇత్తడి ఒక లెక్కా అనీ చెప్పి, గొట్టాన్ని మళ్ళీ సమంగా తీర్చి, దానికి సరిపోయే లావు బిరడా కొత్తగా పోత పోయాలన్నాడు. ఎన్ని రోజులని అడిగాను. అయినప్పుడు అవుతుందన్నాడు.

రెండు రోజులు గొట్టంతోనే గడిచాయి. ఒక కడ్డీకి సీసం పోసి గొట్టానికి సరిపోయేలా చేసి, సానరాయి పొడీ నూనే పూసి లోపల తిప్పాడు. ప్రతి నూరు తిప్పులకూ కడిగి, మసి పూసి చూసి, మళ్ళీ తిప్పాడు. మూడో రోజు పోసిన బిరడాలో గాలిబుడగ పడింది. దాన్ని మూసలో వేసి మళ్ళీ కరిగించాడు. నాలుగో రోజు బిరడా బాగానే వచ్చింది, ఆకురాయితో అరగదీసి గొట్టంలోకి నెడితే సగంలో పట్టేసింది. దాన్ని బయటికి తీయడానికే పూట పట్టింది. నా సెలవు అయిపోతోంది. తిరుగు ప్రయాణమే మూడు రోజులు. అతను మధ్యలో లేచి నమాజుకు పోతున్నాడు, వచ్చి మళ్ళీ ఆ మసి గుడ్డే తీస్తున్నాడు. నాకు ఓపిక పోయింది.

"తుపాకులే లేని కాలంలో ఇంత తీరుగా చేసి ఎవరికి చూపించాలి సాయిబూ? ఉన్నంతలో బిగించి ఇవ్వరాదా?" అన్నాను.

అనగానే ఆ ఖాళీ చట్రం వైపు నా కళ్ళు పోయాయి. నాలుక కరుచుకున్నాను, కానీ మాట బయటికి వచ్చేసింది. సాయిబు చేతిలోని ఆకురాయి కింద పెట్టాడు.

"గొట్టం వదులుగా ఉంటే పేల్చినోడి కన్ను పోతాది, అయ్యవారూ. నా కన్ను అట్టానే పోయింది, ఇంకొకడు చేసిన పనికి. ఉన్నంతలో చెయ్యడం నాకు రాదు. తొందరైతే తీసుకొని పో."

నేను పోలేదు. ఏమని క్షమాపణ చెప్పాలో తెలియక అతని కొలిమి తిత్తి అందుకుని ఊదాను. అతను వద్దనలేదు.

అయిదో రోజు బిరడా నడుముకు చుట్టూ సన్నటి గాడి తీశాడు. జనపనార దారాన్ని కొవ్వులో నానబెట్టి ఆ గాడిలో బిగువుగా చుట్టి, గొట్టంలోకి ఎక్కించాడు. నా చెయ్యి పట్టుకుని నా బొటనవేలే గొట్టానికి అడ్డం పెట్టించాడు. తాను బిరడాను నొక్కాడు. నా వేలి కింద గాలి గట్టిపడింది. అతను వదలగానే బిరడా వెనక్కి తన్నింది. నీళ్ళు కాచి చూస్తే చక్రం తిరిగింది. దొర చూపించిన వేగం లేదు, ఆకులు లెక్కపెట్టవచ్చు. కొత్త దారం నలిగే కొద్దీ వేగం పెరుగుతుందన్నాడు. కొవ్వు ఆరిపోతే మళ్ళీ పెట్టమనీ, ఇటుకపొడి మాత్రం ఇంట్లో ఉంచవద్దనీ చెప్పాడు.

సెలవు కన్నా నాలుగు రోజులు ఆలస్యంగా ఆత్మకూరు చేరాను. ముందు నా భార్యతో, తప్పు నాదేనని చెప్పాను. ఆమె, ఆ సంగతి తెలుసుకోవడానికి ఉదయగిరి దాకా పోవాల్సి వచ్చిందా అని మాత్రం అడిగింది.

మరునాడు పొద్దున బడి పంచలో యంత్రం పెట్టాను. దీపం మాని, చిన్న మట్టి మూకుట్లో బొగ్గులు రాజేశాను. ఈసారి చక్రం వేలు తగలకుండానే కదిలింది. పిల్లలు అరుస్తారనుకున్నాను. అరవలేదు. దగ్గరికి జరిగి నోళ్ళు తెరుచుకుని చూశారు. కొడుకును బడికి దిగబెట్టడానికి వచ్చిన రైతు ఒకాయన కూడా గడప దగ్గర నిలబడి చూశాడు. కరువులో ఆయనకు జత ఎద్దులూ పోయాయి. బావిలో నీళ్ళు ఊరినా తోడే దిక్కు లేదు.

"ఇది నీళ్ళు తోడతాదా అయ్యవారూ?" అని అడిగాడు.

ఇది తోడలేదనీ, ఇలాంటివే పెద్దవి తోడతాయనీ చెప్పాను.

"పెద్దది యాడుండాది?"

"మద్రాసులో ఉంటాయి."

ఆయన చక్రాన్ని కాసేపు చూసి, కొడుకు తల నిమిరి, పొలం వైపు వెళ్ళిపోయాడు. నెలన్నర తిప్పలు పడి, పది రోజులకు పైగా తిరిగి తెచ్చిన చక్రం నా ముందు చక్కగా తిరుగుతూనే ఉంది. నాకు మాత్రం దాని మీద మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి దాని తప్పేమీ లేకుండానే. కాగులో నీళ్ళు అయిపోయేదాకా ఆగి, బొగ్గుల మీద మట్టి పోసి, పిల్లల చేత పదమూడో ఎక్కం చెప్పించాను.