సంగవ్వ పూలగిన్నె

2022 చలికాలం. నారాయణఖేడ్ బజారులో మాది పాత సామాన్ల దుకాణం. ఇత్తడి, రాగి ఎలాగూ ఉంటాయి. నా పిచ్చి మాత్రం పాత గాజు క్యాసరోళ్ల మీద. క్యాసరోల్ అనగానే మనవాళ్లకు రొట్టెలు వేడిగా ఉంచే ప్లాస్టిక్ డబ్బా గుర్తొస్తుంది. నేను చెప్పేది ఓవెన్లో వండుకునే మూతగిన్నె. మా ఊళ్లో ఓవెన్ ఎవరింట్లో ఉందని మాత్రం అడక్కండి. అచ్చువేసిన పూలు చెదరకుండా, అంచున చిప్, అంటే చిన్న పెచ్చు కూడా లేవకుండా ఉంటే, సేకరించేవాళ్లు ఎంత దూరమైనా వస్తారు.

నాగల్‌గిద్ద నుంచి సంగవ్వ అలాంటి గిన్నె ఒకటి పాత చీరలో చుట్టి తెచ్చింది. పాలరంగు గాజు, నారింజ పూలు, పైన గాజు మూత. చాలా ఏళ్లు హైదరాబాదులో ఒకరింట్లో వంట చేసిందట. పని మానేసి వచ్చే రోజు ఆ ఇంటావిడ ఇచ్చిందట. కూలికి వంగడానికి నడుము సహకరించడం లేదని, ఇది అమ్మి బస్టాండు దగ్గర జొన్నరొట్టెల బండి పెట్టుకుంటానని చెప్పింది. ఫొటో పంపగానే హైదరాబాదు టీచరమ్మ ఒకావిడ ఆదివారం వచ్చి తీసుకుంటానంది. వచ్చే ధరకు బండి, పొయ్యి, రొట్టెలు కాల్చే పెంక అన్నీ అమరేవి.

గిన్నె నా దగ్గరే ఉంచమన్నాను. ఈ నాలుగు రోజులూ ఇంట్లో పెట్టుకుంటానని తీసుకెళ్లింది. బూడిదతో తోమొద్దు, పొయ్యి మీద పెట్టొద్దు అని నూరిపోశాను. అన్నింటికీ తలూపింది.

ఆదివారం టీచరమ్మ ఎదుటే సంగవ్వ మూట విప్పింది. బెల్లం వాసన గుప్పుమంది. గిన్నె నిండా హుగ్గి, మా సరిహద్దు ఊళ్లలో పండగకు వండే గోధుమ పాయసం. చీరంతా తడిసింది. హుగ్గి తీసి చూస్తే అడుగున ఈ అంచు నుంచి ఆ అంచుకు పగులు. పొద్దున్నే కడిగి చలిలో బోర్లించిన గిన్నెలో, పొయ్యి మీది హుగ్గిని దించీ దించగానే పోసిందట. చల్లటి గాజు ఆ వేడికి తట్టుకోలేదు. దాన్నే థర్మల్ షాక్ అంటాం.

నాకు ముందు ఒళ్లు మండింది.

"ఉత్త గిన్నె ఎట్ల ఇయ్యాలె సేటూ," అంది సంగవ్వ. "నాకిచ్చిననాడు ఆ అమ్మ గూడ నింపే ఇచ్చింది."

ఆ మాటతో నా కోపం చల్లారింది. పగిలిన గిన్నె తీసుకోలేనని, తన దగ్గర మూతలేనిది ఒకటుంది కాబట్టి మూత కొంటానని టీచరమ్మ అంది. ఆ డబ్బు బండికి కాదు కదా, పెంకకు కూడా చాలదని ముగ్గురికీ తెలుసు.

సంగవ్వ మూతను కొంగుతో తుడిచి, ఇవ్వబోయి ఆగింది.

"సేటూ, జరంత చక్కెరుంటె ఇయ్యి."

చాయ్ కోసం పెట్టుకున్న చక్కెర ఇచ్చాను. మూతను వెల్లకిలా తిప్పి, అందులో పోసి, రెండు చేతులతో టీచరమ్మకు అందించింది. నా దుకాణంలో అంత దుఃఖంగా జరిగిన బేరం మరొకటి లేదు.

ఇప్పుడు ఎవరు గాజు సామాను తెచ్చినా, గిన్నె సంగతి కన్నా ముందు ఆ ఇంటి పద్ధతి అడుగుతాను. నింపి ఇవ్వాలనుకునేవాళ్ల కోసం బల్లమీద చక్కెర డబ్బా ఉంచాను. సంగవ్వ మాత్రం ఆ నడుముతోనే ఇంకా పత్తి ఏరడానికి పోతోంది.