వేరే కంచం

తిరుచానూరులో ఒక లాడ్జి ముందు గుండు కొట్టించుకుంటుంటే చెవి వెనక తెగింది. మంగలి బ్లేడు మార్చాడో లేదో నేను చూడలేదు. ఎయిడ్స్ అంటే చావేనని గోడలన్నీ భయపెడుతున్న రోజులవి. ఇంటికి రాగానే కంచం, గ్లాసు, చాప వేరు చేసుకుని వరండాలో పడ్డాను. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు. గుండు చూసి, నేను వేరుగా ఉండటం కూడా మొక్కేననుకున్నారు. పక్కింటామె నా కాళ్లకు దండం కూడా పెట్టింది. ఒళ్లు మండిపోయింది. నా కంచం నేనే కడుక్కుంటానంటే అమ్మ లాక్కుపోయేది.

చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మకు చెప్పుకున్నాను. "బ్లేడుతో వచ్చేది చానా తక్కువప్పా. మూడు నెల్లు పోయినాక పరీక్ష చేస్తే తేలిపోతాది. కంచంతో రాదు, తాకితే రాదు" అంది. నమ్మాను. అయినా వరండా వదిలి లోపలికి పోలేకపోయాను.

పరీక్షలో ఏమీ లేదని తేలిన రోజు వంటింట్లో అమ్మ పక్కన కూర్చున్నాను.

"మొక్కు తీరిపోయిందా నాయనా?" అంది.

తీరిపోయిందన్నాను.

"అయితే రేపట్నించి నాకు పెసాదం లేదు" అని నవ్వింది.

అన్నాళ్లూ నా కంచంలో మిగిలిన మెతుకులను కళ్లకద్దుకుని తిన్నదట. నేనేమో అన్ని పూటలూ ఒక్కణ్ణే తిన్నాననుకున్నాను.