అయ్యా, చిల్లకల్లు వచ్చాం

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవుల జాబితా పెట్టారు. మోకాళ్ళ నొప్పులు, ఇంటి స్థలం తగాదా, ఎవరిదో ఉద్యోగం, వాటి మధ్యలో ఫలానా వారి అమ్మాయికి మానసిక భయం, ఇల్లు కదలడం లేదు అని, పూర్తి పేరుతో సహా. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మా వీధిలోనే ఉంటుంది, నిండా ఇరవై రెండేళ్ళు లేవు. రేపు నలుగురి మొహం ఎలా చూస్తుందని ఒక్కరికైనా తోచలేదా? ఫోను బల్ల మీద పడేస్తే మా ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా, "నీ చీటీ గుర్తొచ్చిందా?" అన్నారు. గుర్తు రాక చస్తుందా!

అది తొంభైల చివరి సంగతి. జగ్గయ్యపేటలో కాపురం. మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు, నాకు నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం. రోజూ పొద్దున్నే బస్సు. అప్పటి హైవే ఇప్పటిలా కాదు, రెండు బళ్ళు ఎదురుపడితే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. ఒక వానాకాలం పొద్దున నవాబుపేట దగ్గర లారీ ఒకటి ఎదురుగా మీద మీదకి వచ్చేస్తే మా డ్రైవరు బస్సును రోడ్డు దించేశాడు. బస్సు ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. వేరే బస్సెక్కి వెళ్ళి ఆ రోజు పాఠం కూడా చెప్పాను. గొప్ప ధైర్యవంతురాలినే అనుకున్నాను. మరుసటి వారం మొదలైంది. బస్టాండు కనబడితే చాలు గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి గొంతులోనే ఆగిపోయేది. మెట్టు మీద కాలు పెట్టి మళ్ళీ దించేసేదాన్ని. డాక్టరు గారు గ్యాస్ అని మాత్రలు రాశారు. సెలవులన్నీ అయిపోయాయి. ఇంకో రెండు వారాలు చూసి వేరే ఆవిడను పెట్టుకుంటామని హెడ్మాస్టరు గారు కబురు చేశారు.

మా చర్చిలో వెనక గోడకు ఒక బిస్కెట్ల డబ్బా వేలాడేది, మూతకు చీలిక పెట్టి. మనవులు చీటీ మీద రాసి అందులో వెయ్యాలి. పేరు రాయనక్కర్లేదు, దేవుడికి తెలుసు అనేవారు. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా అని నేనూ రాశాను. బస్సెక్కాలంటే ప్రాణం పోతున్నట్టుంది, ఉద్యోగం పోయేలా ఉంది, ప్రార్థించండి, అంతే. పేరు లేదు. కానీ నా బుర్రకి తట్టని సంగతి ఒకటుంది. నాలుగేళ్ళుగా ప్రతి శనివారం చర్చి గుమ్మం దగ్గర నల్లబల్ల మీద ఆ వారం వాక్యం, ప్రకటనలు రాసేదాన్ని నేనే. నా చేతిరాత తెలియని విశ్వాసి మా సంఘంలో లేడు.

ఆ ఆదివారం ఆరాధనలో సంఘ పెద్ద ఆ చీటీ విప్పి, కళ్ళజోడు సర్దుకుని, పొల్లు పోకుండా చదివాడు. తర్వాత దాన్ని వెలుగులోకి ఎత్తి పట్టుకుని, "ఇది మన టీచరమ్మ రాతే కదండీ" అన్నాడు, మైకులో. మా చర్చి మైకు చర్చి కంటే వీధికే బాగా వినబడేది. మధ్యాహ్నానికల్లా కిరాణా కొట్టు శెట్టిగారి భార్య కూడా, బస్సు పడదటగా అమ్మా అని పరామర్శించింది. ఆవిడ నయం, జాలిపడి ఊరుకుంది. మావాళ్ళు ఊరుకుంటేనా? విశ్వాసం ఉన్నవాళ్ళకి భయం ఉండదని ఒకాయన, ఏదో దాచిన పాపం ఉండే ఉంటుందని ఇంకొకావిడ. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పెద్దాయన నాకు మూడు శుక్రవారాల ఉపవాసం ఖాయం చేశాడు. ఖాళీ కడుపుతో కళ్ళు తిరగవా అని అడగబోతే మా అత్తగారు నా మోచెయ్యి గిల్లారు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. నా కోపం ప్రభువు మీద కాదు. ఆయన చెవిలో చెప్పుకున్న మాటను పేట మొత్తానికి పంచిపెట్టినవాళ్ళ మీద.

మా అత్తగారికి పిన్ని వరసయ్యే మామ్మ ఒకావిడ చర్చిలో చివరి చాప మీద కూర్చునేది. చదువు లేదు, పత్తి తీతలకు వెళ్ళేది. ఆవిడ ఒక్కతే నాకు సలహా ఇవ్వలేదు. ఒకరోజు సాయంత్రం వచ్చి, "రేపు నేనూ వస్తా. నందిగామలో పనుంది" అంది. ఏ పనీ లేదని ఇద్దరికీ తెలుసు.

బస్టాండులో నా కాళ్ళు వెనక్కి లాగుతుంటే మామ్మ నా చెయ్యి పట్టుకుని ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకోలేదు, గొంతు పెంచలేదు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు ప్రభువుతో, "అయ్యా, చిల్లకల్లు వచ్చాం" అంది. కాసేపటికి, "అయ్యా, నవాబుపేట. పిల్ల వణికిపోతాంది, చూడు." బెట్టు చేసే బిడ్డ చెయ్యి పట్టినట్టు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పత్తికాయలు గీసుకుపోయి గరగరలాడే అరచెయ్యి. దడ అలాగే ఉంది, కానీ ఎన్నో రోజుల తర్వాత ఊపిరి కడుపు దాకా దిగింది. అంబారుపేట అయ్యాక నా పెదాలు కూడా కదులుతున్నాయి. నందిగామలో నన్ను దింపి, "ఇక్కడి నుంచి దాని బడిపిల్లల్ని అది చూసుకుంటుందిలే" అని దేవుడికి చెప్పి ఎదురు బస్సెక్కి వెళ్ళిపోయింది. పత్తి తీతలు మానుకుని అలా పన్నెండు రోజులు వచ్చింది. పదమూడో రోజు నేనొక్కదాన్నే ఎక్కి, ఒక్కొక్క ఊరూ నేనే చెప్పుకున్నాను. ఉద్యోగం నిలబడింది.

ఇంకేం, పెద్దాయన ఆ నెలాఖరు ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. ఉపవాసాలతో భయం పారిపోయిందని చెప్పాలట! ఒక్క శుక్రవారమే ఉన్నాను, అదీ కోపంతో. లేచి, "నాకు భయం ఇంకా ఉందండి. మామ్మ నా పక్కన కూర్చుని దేవుడితో మాట్లాడింది. అందుకే వెళ్ళగలుగుతున్నా" అన్నాను. పెద్దాయన గబగబా పాట ఎత్తుకున్నాడు.

బయట మెట్ల మీద మామ్మ చెప్పులు వెతుక్కుంటుంటే అడిగాను, నీకు అసలు భయమే వెయ్యదా అని. "ఎందుకు వెయ్యదు? మీ తాత పోయింది ఆ రోడ్డు మీదే. నేను మళ్ళీ ఆ బస్సెక్కింది నీతోటే. ఊరూరూ చెప్పుకుంది నా కోసం కూడానమ్మా" అంది.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ప్రార్థన చెయ్యడానికొచ్చారా ఆంటీ అని అనుమానంగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. "లేదమ్మా, గేటు దాకా నడుద్దామని వచ్చా" అన్నాను. చాలాసేపటికి లేచింది. వాకిట్లో నా చెయ్యి పట్టుకుంది, చల్లటి చెయ్యి. "అయ్యా, గేటు దాకా వచ్చాం" అన్నాను, నెమ్మదిగా. మామ్మ పోయి పదిహేనేళ్ళు దాటింది. నందిగామ ఇప్పుడు అరగంట దూరం. మా వీధిలో నాలుగిళ్ళ అవతలి గేటు దాకా వెళ్ళడానికి మాత్రం నాకు ఇన్నేళ్ళు పట్టింది.