పగడం, రాతిపువ్వు, కొంచెం చింతపండు

ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిదివందల నలభైల్లో, నల్లబోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి అటూ ఇటూ తేడాలు రాసేస్తే లోకమంతా తెలిసిపోయినట్టేనని నా నమ్మకం. ఇరవై ఏళ్ళ వయసు, తిరుపతిలో ఆడపిల్లల బడిలో సైన్సు పంతులమ్మగా తాత్కాలికపు ఉద్యోగం. ఇన్‌స్పెక్టరమ్మ నా పాఠం విని మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం, లేకుంటే బంగారుపాళ్యం బస్సెక్కి ఇంటికి పోవడమే. అందుకని ఎవరూ చెప్పని పాఠం ఎంచుకున్నాను: పగడానికీ రాతిపువ్వుకూ తేడాలు. తెల్లని పగడపు ముక్క మా హెడ్‌మిస్ట్రెస్ రామేశ్వరం యాత్ర నుంచి తెచ్చింది. రాతిపువ్వు (మసాలాలో వేసేదానికి దగ్గర చుట్టం) బూడిదరంగు మచ్చలుగా పట్టిన రాయిని చంద్రగిరి కొండ మీంచి మా నాయన నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాడు.

ఆ ఉదయం మా బడి ఆయమ్మ రెండింటినీ బల్లమీద గుడ్డ పరిచి పెట్టింది. చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. గుడి పాత్రలు ఏళ్ళ తరబడి తోమిన చేయి ఆమెది. రాయి నున్నగా మెరుస్తోంది, ఒక్క మచ్చ లేదు. పగడం మీద చింతపండు గుజ్జు నురగలు కక్కుతోంది.

"ఇన్‌స్పెక్టరమ్మ వస్తాదంటివి గదా పాపా. రాయికి పాచి పట్టుంటే తోమేసినాను. ఆ తెల్లదేమో చింతపండు పెడితే పుసపుసమంటాది," అంది ఆయమ్మ.

ఏడవడానికి కూడా వ్యవధి లేదు, ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి కూర్చుంది. బోర్డు మీద గీత గీశాను. పగడం సముద్రంలో చిన్న చిన్న జంతువులు కట్టుకున్న సున్నపు గూడు, పులుపు తగిలితే ఇలా పొంగుతుంది, అని నురగను చూపించాను (కావాలనే చేయించినట్టు మొహం పెట్టి). రాతిపువ్వు జంతువూ కాదు, చెట్టూ కాదు, బూజూ పాచీ కలిసి చేసే కాపురం అన్నాను.

"ఏదీ, చూపించండి," అంది ఆమె.

నున్నటి రాయిని ఆమె ముందుకు జరిపాను. తలుపు దగ్గర నుంచి ఆయమ్మే పలికింది.

"నేనే తోమేసినానమ్మా. ఆ పాపను ఏమీ అనద్దండి. రోజూ నీళ్ళు పోసి మళ్ళా పెంచుతాను."

"వేలిగోరంత కావడానికి ఏళ్ళు పడుతుంది ఆయమ్మా," అన్నాను.

ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకంలో ఏదో రాసుకుంది. "అయితే అది పెరిగేదాకా ఈ అమ్మాయి ఇక్కడే ఉండాల్సొస్తుంది," అంది.

అలాగే ఉన్నాను. ఆ రాయిని గోడవార పెట్టి, ఆయమ్మ బతికినన్నాళ్ళూ నీళ్ళు పోసింది. నేను రిటైరైన రోజు వెళ్ళి చూస్తే దానిమీద రూపాయి బిళ్ళంత మచ్చ. పగడం లోపలా పాచి కాపురముంటుందనీ, రెండూ తోడు లేనిదే బతకలేవనీ తర్వాతెప్పుడో చదివాను. ఆనాడు బోర్డు మీద పద్నాలుగు తేడాలు రాసి, పోలిక ఒక్కటీ రాయలేదు ఆ ఇరవై ఏళ్ళ పిచ్చిపిల్ల. నాకు తోడుగా ఆయమ్మ అప్పుడు తలుపు దగ్గరే నిలబడి ఉంది పాపం.