వియ్యపురాలింటి తుపాకీ

మా వియ్యంకుడు గారు పోయిన కొన్నాళ్ళకి వియ్యపురాలు ఫోన్ చేసింది. ఆయన తుపాకుల్లో ఒకటి మా మనవరాలు వచ్చి ఎంచుకోవాలంది. వాళ్ళింట్లో అది ఆనవాయితీ. మన వైపు నానమ్మ కాసులపేరు మనవరాలికి వెళ్ళినట్టు, అక్కడ తాత తుపాకీ మనవలకి వెళ్తుంది. పెద్ద మనవలిద్దరూ ముందే వచ్చి తమకు నచ్చినవి తీసుకుపోయారు. ఇక మా పిల్లే మిగిలింది.

మా అమ్మాయి కెనడా కుర్రాణ్ణి చేసుకుంది. గ్వెల్ఫ్ ఊరి బయట మొక్కజొన్న పండించే కుటుంబం వాళ్ళది. మంచు పడే ముందు జింక వేటకి వెళ్ళడం, ఆ మాంసం ఫ్రీజర్‌లో పెట్టుకుని ఎండలు వచ్చేదాకా తినడం వాళ్ళకి మామూలు. మా మనవరాలికి పద్దెనిమిది నిండగానే తాత దగ్గరుండి క్లాసుకి తీసుకెళ్ళి తుపాకీ లైసెన్స్ ఇప్పించాడు. అది మా అమ్మాయికి అప్పుడూ మింగుడు పడలేదు.

"ఆయన మీద నాకు గౌరవం లేక కాదమ్మా," అంది నాతో. "కానీ తుపాకీ ఈ గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు. కింద బేస్‌మెంట్‌లో అద్దెకి అయిదుగురు ఆడపిల్లలున్నారు. రేపు వాళ్ళ అమ్మానాన్నలకి తెలిస్తే నేనేం సమాధానం చెప్పను?"

ఆ మాటా తీసెయ్యదగ్గది కాదు. ఆ రోజుల్లో గ్వెల్ఫ్‌లో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మన పిల్లలే తీసేవాళ్ళు. పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులోనో గోడౌన్‌లోనో షిఫ్టు. నేనుండే మా అమ్మాయి ఇంటి కింద కరీంనగర్ పిల్ల, ఒంగోలు పిల్ల, మరో ముగ్గురు ఉండేవాళ్ళు. అరవై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆ కరీంనగర్ పిల్లే. షిఫ్టు లేని రోజున వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, "ఇంకోసారి రాయి అమ్మమ్మా, గుడి సరిగ్గ రాలే," అని నన్ను గదమాయించేది.

తుపాకీ సంగతి వాళ్ళ చెవిన పడనే పడింది.

"అమ్మమ్మా, నిజంగనే తుపాకి వస్తుందా మనింటికి?" అంది కరీంనగర్ పిల్ల.

"వస్తే నీకేంటే?"

"నాకేం లేదు. ఇగ రెంట్ లేటైతే ఆంటీ మెసేజ్ పెట్టక్కర్లే. అది పట్టుకుని మెట్ల మీద నిలబడితే చాలు."

"నువ్వు ముందు గిన్నెలు కడుగు," అంది ఒంగోలు పిల్ల. "లేకపోతే నేనే నిలబడతా."

వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు. మా అల్లుడు భార్యకీ తల్లికీ మధ్య మాట వచ్చినప్పుడల్లా చేసేదే చేశాడు. మంచు తోసే పార పట్టుకుని బయటికి వెళ్ళాడు. అప్పటికి ఇంకా మంచే పడలేదు.

మనవరాలు మాత్రం ఇంగ్లీషులో నెమ్మదిగా ఒకటే అంది. తాత పోయాక తను ఏమీ అడగలేదట, ఇదొక్కటే కావాలట. వెళ్ళకపోతే నానమ్మ మనసు విరిగిపోతుందట. మా అమ్మాయి రానంది. అందుకని నేను వెళ్ళాను.

వియ్యపురాలు గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. పెళ్ళినాడు నేను ఆవిణ్ణి "వదినగారూ" అని పిలిస్తే అర్థం అడిగి తెలుసుకుని, ఆనాటి నుంచి నన్నూ అలాగే పిలుస్తుంది. ఆవిడ నోట్లో అది "వాడినా" అవుతుంది. నేను దిద్దను. ఇద్దరికీ కలిపి అటు పది తెలుగు మాటలు, ఇటు ఇరవై ఇంగ్లీషు మాటలు. మిగతాదంతా మనవరాలు అటూ ఇటూ మోస్తుంది.

కోడలు రాలేదని ఆవిడ చూసింది. వెనక గదిలో ఇనుప బీరువా తాళం తీసి, మిగిలిన రెండు తుపాకులూ తెచ్చింది. ఒకటి చిన్నది, తేలికైనది. తాత మా పిల్లకి దానితోనే డబ్బాలు కొట్టడం నేర్పాడు. రెండోది పెద్దది, నల్లబడిన కట్టెది. జింక వేటకి ఆయన ఎప్పుడూ తీసుకెళ్ళేది. మా పిల్ల చిన్నదే తీసుకుంటుందని అందరం అనుకున్నాం. వియ్యపురాలు ముందుగా దాన్నే చేతికిచ్చింది.

ఇవ్వడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. ఇచ్చేవాళ్ళు తుపాకీ తెరిచి, లోపల గుండు లేదని చూపించి ఇస్తారు. పుచ్చుకున్నవాళ్ళు మళ్ళీ తెరిచి చూసుకుంటారు. ఎంత దగ్గరివాళ్ళయినా అంతేనట. ఒకరినొకరు నమ్మక కాదు, అదే మర్యాద.

మనవరాలు చిన్నదాన్ని కాసేపు పట్టుకుని తిరిగి ఇచ్చేసింది. పెద్దదాన్ని అందుకుని, తెరిచి చూసుకుని, కిటికీ బయట ఖాళీ చేను వైపు తిప్పి భుజానికి ఆనించుకుంది. కట్టె మీద చెంప ఆనించి అలాగే ఉండిపోయింది. ఎంతకీ దించలేదు.

"ఇక్కడ చూడు అమ్మమ్మా," అంది తర్వాత. చెంప ఆనే చోట పాలిష్ అంతా పోయి, కట్టె నున్నగా తేలి ఉంది. అన్నేళ్ళూ ఆయన చెంప రాసుకున్న చోటు అది. చిన్న తుపాకీకి అలాంటి చోటు లేదు. అది పిల్లల కోసం కొన్నది, ఆయన చెంప దానికి ఎప్పుడూ తగల్లేదు.

మా తాత ముల్లుగర్ర గుర్తొచ్చింది నాకు. పట్టుకునే చోట అదీ ఇలాగే నిగనిగలాడేది. ఆయన పోయాక అది ఎటు పోయిందో ఎవరూ పట్టించుకోలేదు. పొయ్యిలోకే పోయి ఉంటుంది.

"ఇదే," అంది మనవరాలు.

వియ్యపురాలి కళ్ళు నిండాయి. తుపాకీ తను తీసుకుని, తెరిచి చూపించి, రెండు చేతులా నా వైపు చాచింది. "వాడినా, మీరూ పట్టుకోండి," అన్నట్టుగా.

నేను చేతులు వెనక్కి పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాను.

కావాలని చేసింది కాదు. ఉప్పు, నూనె, ఇనుము చేతి నుంచి చేతికి పుచ్చుకోకూడదని, పుచ్చుకుంటే ఇద్దరి మధ్యా పోట్లాట వస్తుందని పుట్టినప్పటి నుంచీ విన్నదాన్ని. కత్తిపీట అయినా కత్తెర అయినా కింద పెట్టాల్సిందే, తీసుకోవాల్సిందే. వాళ్ళిద్దరూ ఇచ్చిపుచ్చుకుంటుంటే వాళ్ళ ఇల్లు, వాళ్ళ పద్ధతి అని ఊరుకున్నాను. నా దాకా వచ్చేసరికి ఒళ్ళే వెనక్కి జరిగింది.

ఆవిడ ముఖం మాడిపోయింది. చాచిన చేతులు అలాగే కాసేపు ఉండి దిగిపోయాయి. మనవరాలితో గబగబా ఏదో అని, తుపాకీ తీసుకుని బీరువా వైపు నడిచింది.

"ఏమంటోందే?"

"మీ ఇంట్లో ఎవరికీ ఇది అక్కర్లేదని తెలిసింది, బలవంతం చెయ్యను, టౌన్‌లో షాపుకి ఇచ్చేస్తానంటోంది," అంటూ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "అమ్మ రాలేదు. నువ్వేమో దాన్ని ముట్టుకోలేదు. వై, అమ్మమ్మా?"

ఆవిడకి అడ్డం వెళ్ళి, బల్ల మీద అరచేత్తో చరిచాను. "టేబుల్, వదినగారూ! టేబుల్! హ్యాండ్, హ్యాండ్, నో. హ్యాండ్, హ్యాండ్, ఫైట్!"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. మనవరాలు ఏడుపు ఆపింది. మా వంటింట్లో నేను కత్తి ఎప్పుడూ గట్టు మీదే పెడతానని, ఉప్పు డబ్బా అడిగితే ముందుకు జరుపుతానని దానికి తెలుసు. ఎందుకో ఎప్పుడూ అడగలేదంతే. ఇప్పుడు అడిగింది. చెప్పాను. అది నానమ్మకి చెప్పింది.

ఆవిడ తుపాకీని బల్ల మీద పెట్టింది. నేను బల్ల మీద నుంచి తీసుకున్నాను. బరువుగా, చల్లగా ఉంది. నేనూ లోపలికి తొంగి చూశాను, వాళ్ళ మర్యాద కూడా తప్పకూడదని. అప్పుడు ఆవిడ పకపకా నవ్వి ఏదో అంది.

"కాపురమంతా తాతా తనూ ఎందుకు పోట్లాడుకున్నారో ఇప్పుడు తెలిసిందట," అంది మనవరాలు.

నవ్వులయితే అయ్యాయి, అసలు చిక్కు అలాగే ఉంది. ఇంటికి తీసుకెళ్తే అమ్మాయి గడప తొక్కనివ్వదు. వదిలేసి వెళ్తే ఈవిడ మనసు మళ్ళీ విరుగుతుంది. టీ తాగుతూ ఆలోచిస్తుంటే మా తాతే మళ్ళీ గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు ఆయన ఒక పెయ్యదూడని నాకిచ్చాడు. ఇవ్వడమంటే మా ఇంటికి తోలలేదు. అది ఆయన కొట్టంలోనే ఉండేది. మేత ఆయనే వేసేవాడు. కానీ ఊళ్ళో ఎవరడిగినా "అది నా మనవరాలి పెయ్య" అనేవాడు. దాన్ని చూసుకోవడానికని నేను నాలుగు రోజులకోసారి వెళ్ళేదాన్ని. పెయ్యని చూశానో తాతనే చూశానో, ఆ వయసులో నాకు తేడా తెలియదు.

అదంతా చెప్పి, "తుపాకీ పిల్లదే, కొట్టం మాత్రం మీది," అన్నాను. ఆవిడకీ లైసెన్స్ ఉంది, బీరువా ఉంది. పిల్ల నెలకోసారి వచ్చి తుడిచి, నూనె రాసి వెళ్తుంది.

మనవరాలు దీన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చిందో గానీ చాలాసేపు పట్టింది. ఆవిడ విని, లేచి వెళ్ళి ఒక చీటీ మీద పిల్ల పేరు రాసి తెచ్చింది. పెన్ను నా ముందు పెట్టింది, బల్ల మీద. మీ అక్షరాల్లో కూడా రాయండి అంది. రాశాను. కొత్తగా రాత వచ్చిన చెయ్యి కదా, ఆవిడ రాత కంటే పెద్దగా పడింది. చీటీకి దారం కట్టి తుపాకీకి వేలాడదీసింది, పెయ్య మెడలో గంట కట్టినట్టు.

ఇంటికి వచ్చి అమ్మాయికి చెప్పాను. "మన ఇంటికి రాదుగా?" అంది. రాదన్నాను.

చలికాలమంతా మనవరాలూ నేనూ మాత్రమే వెళ్ళాం. మంచు కరిగాక ఒకసారి దానికి పరీక్షలు నడుస్తున్నాయి, దారిలో చదువుకుంటానంటే డ్రైవ్ చేయడానికి అమ్మాయి వచ్చింది. కారులోనే ఉంటానంది. కాసేపటికి చలికి లోపలికి వచ్చి బల్ల చివర కూర్చుంది. పాత తువ్వాలు మీద తుపాకీ ఉంది, దాని పక్కన మనవరాలు గుడ్డతో గొట్టం తుడుస్తోంది. వియ్యపురాలు చేయి చాచి నూనె డబ్బా ఇమ్మంది. అది మా అమ్మాయి దగ్గరగా ఉంది.

అమ్మాయి డబ్బా అందుకుంది. అత్తగారు చేయి చాచే ఉంది. అది చూడనట్టే డబ్బాని తీసుకెళ్ళి ఆవిడ ముందు, బల్ల మీద పెట్టింది.

వియ్యపురాలు నా వైపు చూసింది. నేను టీ కప్పులోకి చూస్తూ నవ్వు ఆపుకున్నాను.